అప్పు ఎవరిది? అద్దె ఎవరిది?



2023లో ఒక ఆదివారం పూజ ముగిసిన తరువాత మా విచారణకు చెందిన ఒక ఉద్యోగి నన్ను కలవడానికి వచ్చారు. "ఫాదర్‌గారూ, ఒక ధర్మసందేహం" అన్నారు.

ఆయన 2021లో 50 లక్షలకు ఒక ఫ్లాటు కొన్నారు. అందులో 10 లక్షలు చేతి డబ్బు, 40 లక్షలు బ్యాంకు అప్పు. వడ్డీ 7 శాతం, గడువు 20 ఏళ్ళు, నెల కంతు సుమారు 31 వేలు. ఫ్లాటు మీద వచ్చే అద్దె 13 వేలు. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుండి 6.5 శాతానికి పెంచింది. దాంతో ఆయన వడ్డీ 9.5 శాతమయింది, కంతు దాదాపు 37 వేలకు చేరింది.

"ఈ ఆరు వేలూ అద్దెకున్నవాళ్ళ మీద వేస్తే తప్పా? వాళ్ళు ఎలాగూ ఒప్పుకుంటారండీ. పిల్లల బడి పక్కనే ఉంది, ఏడాది మధ్యలో ఇల్లు మారలేరు" అన్నారు.

ఆ చివరి మాట దగ్గర నా మనసు ఆగింది.

ముందుగా యజమానికి న్యాయం చేద్దాం. అద్దె అంటే ఊరికే వచ్చే డబ్బని చాలామంది అనుకుంటారు. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే ఆయనకు వచ్చేది 1,43,000 రూపాయలు. 50 లక్షల మీద అది 3 శాతం కూడా కాదు. అందులోనే ఇంటి పన్ను, అపార్ట్‌మెంటు సంఘం రుసుము, రంగులు, కాలిపోయిన మోటారు. మరి 3 శాతం రాని చోట 7 శాతానికి అప్పు చేసి ఎవరైనా ఎందుకు కొంటారు? రేపు ధర పెరుగుతుందన్న ఆశతో. ఆ ఆశ తప్పు కాదు. అయితే అది ఎవరి ఆశ? ధర పెరిగితే లాభంలో అద్దెకున్నవారికి ఒక్క రూపాయి కూడా రాదు. అలాంటప్పుడు ఆ ఆశ కోసం చేసిన అప్పు భారాన్ని వారెందుకు మోయాలి?

గురు విద్యాలయంలో మేము చదువుకున్న పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఇందుకు సంబంధించిన ఒక భేదం చూపారు. ద్రాక్షరసాన్ని వాడటమంటే దాన్ని ఖర్చు చేయడమే. ఇల్లు అలా కాదు. అందులో ఒకరు నివసించినా ఇల్లు మిగిలే ఉంటుంది, యజమానిదిగానే ఉంటుంది. కాబట్టి నివాసానికి వెల తీసుకోవడం న్యాయమే అన్నారు. దీన్నిబట్టి నాకు తోచేది ఇది: అద్దె నివాసానికి వెల, యజమాని అప్పుకు వెల కాదు. వడ్డీ పెరిగినంత మాత్రాన ఆ రెండు గదులు మూడు కాలేదు, కుళాయిలో నీళ్ళు ఎక్కువ రాలేదు. 2025లో రెపో రేటు తగ్గినప్పుడు, ఆ కారణంతో అద్దె తగ్గించిన యజమాని నాకు ఒక్కరూ కనబడలేదు.

"వాళ్ళు ఒప్పుకుంటారు కదా" అంటారా? కదలలేనివాడి ఒప్పుకోలు పూర్తి ఒప్పుకోలు కాదు. అగ్రిమెంటు ప్రకారం, గడువు ముగిశాక, ఆ వీధిలో నడుస్తున్న ధరను బట్టి పెంచడం వేరు. ఎదుటివాడి ఇబ్బందిని కొలిచి పెంచడం వేరు.

మరొక మాట. ఆదాయపు పన్ను లెక్కలో, అద్దెలోంచి ఇంటి పన్ను పోను మిగిలినదానిలో 30 శాతం మినహాయిస్తారు. మరమ్మతు రసీదులు అడగరు. ఆ మినహాయింపు పొందుతూనే, కారుతున్న కప్పును మూడు వానాకాలాలు అలాగే వదిలేసేవారు ఒకసారి ఆత్మశోధన చేసుకోవాలి. అలాగే, కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంటుంది. చట్టం మన ఊళ్ళో అమలుకు వచ్చిందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆరు నెలల అడ్వాన్సు కోసం ఒక కుటుంబం తాళిబొట్టు తాకట్టు పెట్టాలా అన్నది వేరే ప్రశ్న.

ఇదంతా పైన కూర్చుని చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం గుడి ప్రహరీకి డబ్బు చాలనప్పుడు, విచారణ దుకాణ గదుల అద్దె పెంచుదామన్నది నేనే. గోడ గుడిది. దానికి కుట్టుమిషను మీద బతికే మనిషి ఎందుకు కట్టాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

ఆ ఉద్యోగి బదులు చెప్పకుండానే వెళ్ళిపోయారు. అగ్రిమెంటు గడువు ముగిశాక వెయ్యి రూపాయలు పెంచారని తరువాత తెలిసింది. మిగతాది జీతంలోంచే కడుతున్నారు. "కష్టంగానే ఉందండీ" అన్నారు. కష్టమేనని నాకూ తెలుసు.

అందుకే, అద్దె కోసం ఇల్లు కొనాలనుకునే పాఠకులారా, సంతకం పెట్టకముందే ఒక కాగితం మీద లెక్క రాసుకోండి. వడ్డీ రెండు శాతం పెరిగినా, ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉన్నా కంతు కట్టగలరా? కట్టగలిగితే కొనండి. కట్టలేకపోతే, ఇంకా ముఖం కూడా చూడని ఒక కుటుంబం మీద మీ అప్పును ఇప్పుడే రాస్తున్నారని గుర్తించండి.