గౌరవ వేతనానికి మార్కుల పట్టీ

ఏడాది చివర గెస్టు లెక్చరర్ల చేత కాలేజీవాళ్లు ఒక ఫారం నింపిస్తారు. సెల్ఫ్ అప్రైజల్. వాడుకున్న సెలవులు, రావలసిన పదోన్నతి, వచ్చే ఏటి లక్ష్యాలు అని గడులుంటాయి. జూన్‌లో సంతకం పెట్టించుకున్న కాగితంలో మాత్రం నేను ఉద్యోగిని కాననీ, పాఠానికి ఇంత అని తీసుకునే మనిషిననీ, రెగ్యులరైజేషన్ అడగననీ ఉంటుంది. వారంలో కొన్ని రోజులు నంద్యాలలో, కొన్ని రోజులు ఆళ్లగడ్డలో చెబుతాను. రెండు చోట్లా ఇదే తంతు.

నన్ను వేధించే ప్రశ్న ఫారం గురించి కాదు. నా బాధ్యత తనది కాదని ముందే రాయించుకున్నవారికి, నా పనికి మార్కులు వేసే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

కొనుక్కున్నవాళ్లు సరుకు చూసుకోరా అంటారు. చూసుకుంటారు. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం, బాగోకపోతే కొనం. కానీ సారె ఎలా తిప్పావు, మట్టి ఎన్ని గంటలకు తొక్కావు, వచ్చే ఏడు ఎన్ని కుండలు చేస్తావు అని కుమ్మరిని నిలదీసి అడగం. అలా అడిగే చోట జరుగుతున్నది కొనుగోలు కాదు.

ఈ తేడాను కోర్టులు ఏనాడో పట్టుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో తీర్పు వచ్చింది. దర్జీలకు కుట్టిన బట్టను బట్టి కూలి. రోజూ రావాలని లేదు, రాకపోతే సెలవు చీటీ అక్కర్లేదు, వేరే దుకాణానికీ కుట్టుకోవచ్చు, కొందరు బట్ట ఇంటికే తీసుకుపోయేవారు. వీళ్లు మా పనివాళ్లు కారన్నారు యజమానులు. కుట్టు నచ్చకపోతే వెనక్కిచ్చి మళ్లీ కుట్టించే అధికారం మీకుంది, అది అజమాయిషీయే, కాబట్టి వీళ్లు పనివాళ్లేనంది కోర్టు. అంటే మదింపు చేయడమే యజమాని అన్నదానికి ఒక సాక్ష్యం. అయినా నా చేతికి ఆ ఫారం అంత ధీమాగా ఇస్తున్నారంటే, జూన్‌లో మళ్లీ ఆ గుమ్మం ముందే నిలబడతానని వాళ్లకు తెలుసు.

ఉద్యోగమంటే లొంగుబాటు కాదా, గంటల లెక్క పనిలో ఆడవాళ్లకు వెసులుబాటు లేదా అని నా స్నేహితురాలు వాదిస్తుంది. కొట్టిపారేయలేను. ఇల్లూ పిల్లలూ చూసుకుంటూ ఈ పని పట్టుకున్నవాళ్లం మాలో చాలామందిమి. కానీ ఆ దర్జీలకూ వెసులుబాటు ఉంది. దాన్ని వదులుకోమని కోర్టు అనలేదు, అది ఉందని హక్కులూ తీసేయలేదు. 2021లో గుర్‌గావ్‌లో అర్బన్ కంపెనీ ముందు కూర్చున్న బ్యూటీషియన్లను ఆ కంపెనీ భాగస్వాములు అంటుంది. రేటింగు తగ్గితే ఆ భాగస్వామికి పని ఆగుతుంది.

(భాగస్వామి అన్న మాట మనకు కొత్తేం కాదు. కూర రుచి దగ్గర్నుంచి ముగ్గు వంకర దాకా రోజూ మార్కులు వేయించుకునే అర్ధాంగికి జీతం అడిగే వీలు లేదు, ఆమె ఇంటి మనిషి కదా!)

ఇంటి బయట ఈ మర్యాద పేరు గౌరవ వేతనం. ఆళ్లగడ్డ బస్సులో తరచూ కలిసే ఒక అంగన్‌వాడీ టీచర్ అంది: "జీతమని రాయరక్కా, గౌరవ వేతనమని రాస్తారు. మెమో వచ్చేటప్పుడు మాత్రం మెమో అనే వస్తాది." పిల్లల హాజరు, బరువు, ఎత్తు, పంచిన సరుకు అన్నీ పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. పసిబిడ్డ బరువు సరిగా తూచావా అని అడగకూడదా? అడగాలి. ఆ తల్లి అడగాలి, అధికారీ అడగాలి. నా విద్యార్థులు నా పాఠం గురించి చెప్పేదీ నాకు కావాలి. అయితే రెగ్యులర్ ఉద్యోగి మదింపులో ఇంక్రిమెంటూ ఉంటుంది, మెమో కూడా ఉంటుంది. మా మదింపులో పోగొట్టుకునేదే ఉంది. ఎంత బాగా చేసినా మరో ఏడు ఇలాగే.

అంగన్‌వాడీలవి ప్రభుత్వ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు అంది. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో వాళ్లు సమ్మెకు దిగారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగి కాని మనిషి పని మానేస్తే అత్యవసర సేవ ఆగిపోయిందట! 42 రోజులు నడిచిన ఆ సమ్మె డిమాండ్లలో గ్రాట్యుటీ ఒకటి. గుజరాత్ అంగన్‌వాడీ మహిళల కేసులో, ఆ చట్టం వాళ్లకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు అప్పటికే, 2022 ఏప్రిల్‌లోనే, చెప్పి ఉంది.