ఎవరో ఒకరు మేలుకుంటేనే

పద్నాలుగేళ్లు ఊర్మిళ నిద్రపోయింది. ఆ పద్నాలుగేళ్లూ అడవిలో లక్ష్మణుడు రెప్ప వాల్చలేదు. వాల్మీకి రామాయణంలో ఎక్కడా లేని ఈ ముచ్చటని తెలుగు ఆడవాళ్లు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటగా కట్టుకుని, ఇళ్లలో పాడుకుంటూ తరతరాలుగా కాపాడుకొచ్చారు. భర్త వాటా నిద్ర కూడా భార్యకే చేరిందని చెప్పుకుంటారు. ఎన్నిసార్లు విన్నా నా మనసు ఆ లెక్క దగ్గరే ఆగుతుంది. మేలుకునే మనిషి ఒకరున్నారు కాబట్టే ఇంకొకరు అంత నిశ్చింతగా నిద్రపోయారు. పురిటి గదుల్లోనూ, రోగుల మంచాల పక్కనా రాత్రుళ్లు గడిపినవాళ్లకి తప్ప ఇలాంటి కథ తట్టదనిపిస్తుంది.

పండితుల వాదం వేరే దారిలో నడిచింది. పొద్దున్నే లేచి “హాయిగా నిద్రపట్టింది, ఒళ్లే తెలియలేదు” అంటాం. ఏమీ తెలియని వేళ హాయిగా ఉన్న సంగతి ఎవరికి తెలిసింది? అద్వైతులు దాన్ని జ్ఞాపకం అన్నారు. జ్ఞాపకం ఉందంటే అనుభవం ఉండి తీరాలి, అనుభవం ఉందంటే దాన్ని చూసిన సాక్షి ఉండాలి. న్యాయదర్శనం నమ్మే నైయాయికులు ఒప్పుకోలేదు. లేచాక ఒంట్లో తేలికని బట్టి ‘బాగా పడుకుని ఉంటాను’ అని కట్టే ఊహ మాత్రమే అది, నిద్రలో ఏ ఎరుకా లేదు అన్నారు. పన్నెండే మంత్రాలున్న మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తుల్ని మూడింటినీ ఒకే ఆత్మకి పాదాలుగా చెప్పి, గాఢనిద్రలో ఉన్నవాడు ఆనందాన్నే భుజిస్తాడంది.

పతంజలి ఇంకో అడుగు వేశాడు. మనసు కదలికలైన చిత్తవృత్తులు అయిదింటిలో నిద్రని కూడా ఒకటిగా లెక్కపెట్టాడు. దానికి పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం చెప్పిన వివరణ నాకు చాలా ఇష్టం. ఒక్కో నిద్ర నుంచి మనిషి ఒక్కోలా లేస్తాడంటుంది. ఒక రోజు మనసు తేటగా ఉంటుంది, ఒక రోజు నిలకడ లేక తిరుగుతూ ఉంటుంది, ఒక రోజు ఒళ్లంతా బరువై ఎవరో దోచుకుపోయినట్టుంటుంది. మానసిక వైద్యుడు రోగిని మొదట “నిద్ర ఎలా ఉంటోంది?” అని ఎందుకు అడుగుతాడో ఆ కొద్ది మాటల్లోనే తెలిసిపోతుంది.

సాక్షి ఉన్నాడా లేడా అన్న తగువు తీర్చే శక్తి నాకు లేదు. కానీ నిద్రలోనూ వినేదేదో ఉందని మాత్రం నమ్ముతాను. ఇంటి ముందు లారీలు పోతున్నా కదలని తల్లి, ఊయలలో బిడ్డ మూలిగితే లేచి కూర్చుంటుంది. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో దీనికి దగ్గరి విషయమే బయటపెట్టారు. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి మనిషి మెదడులో ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోవడం లేదు. చిన్న వింత చప్పుడుకి కూడా ఆ సగం గట్టిగా స్పందిస్తోంది. డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతూ మిగతా సగంతో మేలుకుని ఉంటాయని ముందే తెలుసు. మనలోనూ ఆ కాపలా ఛాయ మిగిలే ఉంది.

నిద్రలో ఎరుక సడలుతుందే తప్ప పూర్తిగా ఆరిపోదు. సడలడానికి దానికి భరోసా కావాలి. ఈ సంగతి నాకు పుస్తకాలకన్నా ముందు ఒక ఆస్పత్రి వార్డులో తెలిసింది. అమ్మకి ఆపరేషన్ అయితే తోడున్నాను. సెలైన్ అయిపోతుందేమో, నర్సుని పిలవాలేమో, నిద్రలో చెయ్యి కదిపితే సూది ఊడిపోతుందేమో. కళ్లు మూసుకున్నా చెవులు మంచం దగ్గరే ఉండేవి. పక్క మంచం పేషెంటుకి తోడొచ్చిన పెద్దావిడ కనిపెట్టింది. “ఎంతసేపలా కూర్చుంటావమ్మాయ్? కాసేపు నడుం వాల్చు. మీ అమ్మ సెలైను కూడా నేను చూస్తాలే” అంది. అప్పటికి ఆవిడ పేరైనా నాకు తెలియదు. రెండు మంచాల మధ్య చాప పరుచుకున్నాను. ట్యూబులైట్లు, ట్రాలీల చప్పుడు, ఎవరిదో దగ్గు, అన్నీ అలాగే ఉన్నాయి. ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి ఆవిడ సీసా మార్పించి, అమ్మకి దుప్పటి సర్ది, తన మనిషి కాళ్లు పడుతోంది.

నిద్రపట్టని మనిషికి లేనిది ఆ పెద్దావిడే. లోపలి కాపలాదారుని దింపేవాళ్లు లేరు. పైగా వాడు ఇప్పుడు నిద్రకే కాపలా కాస్తుంటాడు: వచ్చిందా, ఇంకా రాలేదా, ఎంత సేపయింది, రేపెలా? చూసేకొద్దీ నిద్ర దూరం జరుగుతుంది. లోకంలో చాలా పనులు పట్టుదలతో అవుతాయి, ఇది మాత్రం పట్టు వదిలితేనే అవుతుంది. వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ ఇలాంటివాళ్లకి, నిద్రపోవాలని చూడకండి, వీలైనంతసేపు మేలుకునే ఉండండి అని చెప్పేవాడు. ఇప్పటి వైద్యం కూడా ఆ దారినే నమ్ముతోంది. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకన్నా ముందు అలవాట్లనీ ఆలోచనల్నీ సరిచేసే చికిత్స ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యుల సంఘం సిఫారసు చేసింది. నిద్ర రాకపోతే మంచం దిగెయ్యమంటారు, ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మార్చవద్దంటారు. చేతికి వాచీ కట్టుకుని పొద్దున్నే నిద్రకి మార్కులు చూసుకునే అలవాటు నాకు మంచిదనిపించదు. అది ఇంకో కాపలాదారుని పెట్టుకోవడమే.

ఎప్పుడూ ఎరుకతో ఉండమని ఈ రోజుల్లో అందరూ చెబుతున్నారు. ధ్యానం మీద నాకూ గౌరవముంది. కానీ తనని తాను చూసుకోవడం ఆపగలగడం కూడా మనసుకి ఆరోగ్యమే. అది ఆపలేకపోతే నిద్ర రాదు. నిద్ర లేని మనసు ఎంత త్వరగా బెదురుతుందో 2007లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. దాదాపు 35 గంటలు నిద్ర లేనివాళ్లకి మనసు కలత పెట్టే బొమ్మలు చూపిస్తే, భయాన్ని పసిగట్టే అమిగ్డలా నిద్రపోయినవాళ్లకన్నా సుమారు 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగంతో దాని లంకె సన్నబడింది. కుంగుబాటు వల్ల నిద్ర పోతుందని మాత్రమే ఒకప్పుడు అనుకునేవారు. నిద్ర కరువైనా కుంగుబాటు రావచ్చని ఇప్పుడు తెలుసు.

అందుకే నిద్రలేమిని ఒక్క మనిషి క్రమశిక్షణ లోపంగా చూడటం నాకు అన్యాయంగా తోస్తుంది. అమెరికా పగలుకి తమ రాత్రిని ఇచ్చేసిన హైదరాబాదు ఉద్యోగులు, గేటు దగ్గర కుర్చీలో తెల్లవార్లూ కూర్చునే వాచ్‌మన్, ర్యాంకు కోసం నిద్ర చంపుకునే ఇంటర్ పిల్లలు, వీళ్లకి వేళకి పడుకోండని చెప్పి ఏం లాభం? పొలాలకి రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో మోటారు వెయ్యడానికి టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయిన రైతులు పాములకి భయపడుతూనే మేలుకున్నారు. వీళ్లలో చాలామంది ఇంకొకరి కోసం మేలుకున్నవాళ్లు. లక్ష్మణుడికైనా పద్నాలుగేళ్లకి గడువు తీరింది.

ఇంటి సంగతి మాత్రం మన చేతుల్లోనే ఉంది. వారానికి మూడు రాత్రులైనా నిద్ర లేక, అది మూడు నెలలుగా సాగుతున్నవాళ్లుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బాలింత ఉన్న ఇళ్లకి ఇంకో మాట. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటుకీ నిద్రలేమికీ దగ్గరి సంబంధం ఉంది. పసిబిడ్డ కోసమో, మంచాన పడ్డ పెద్దవాళ్ల కోసమో మీ ఇంట్లో రోజూ మేలుకుంటున్నది ఎవరో చూడండి. ఆమెని పడుకోమని చెప్పి ఊరుకోకండి, ఈ రాత్రి వంతు మీరు తీసుకోండి.