గడప దగ్గర క్యాలిపర్

గుడిలోకి తోలు తేకూడదంటారు. ఆ తోలు లేనిదే నిలబడలేనివాడు ఏం చేయాలి? బాగేపల్లి వైపు మా ఈడులో పోలియో సోకినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

నా ఎడమకాలి క్యాలిపర్ పాతకాలపుది. తొడకు తోలు పట్టీ, ఇరుపక్కలా ఉక్కు కడ్డీలు, మోకాలి దగ్గర తాళం. లేచి నిలబడగానే రెండు రింగులు కిందికి జారి మోకాలిని బిగించేస్తాయి. ఇక మడత పడదు. నడుము ఎత్తి, కాలిని పక్కనుంచి తిప్పి వేయాలి. కడ్డీల కొసలు బూటు మడమలో దిగి ఉంటాయి. చిక్కబళ్ళాపురంలో అట్ట మార్పించిన ఆ బూటు విప్పితే కడ్డీలకు ఆధారమే లేదు. "చెప్పులు బయట వదిలి రాప్పా" అంటే నా కాలిని వదిలి రమ్మన్నట్టే.

తర్వాత కాలి అచ్చు తీసి చేసే ప్లాస్టిక్‌వి వచ్చాయి. హైదరాబాదులో నిమ్స్ వైద్యులతో కలిసి అబ్దుల్ కలాం బృందం, క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థంతో 3 కిలోల క్యాలిపర్‌ను 300 గ్రాములకు దించింది. ఎంత ఆయాసం తగ్గిందో మోసినవాళ్లకే తెలుసు. చెప్పులో ఇమిడే రకమైతే చెప్పు విడిచి లోపలికి పోవచ్చు కూడా. కానీ దాన్ని అమర్చింది చెప్పు మడమ ఎత్తును బట్టి. చెప్పు తీసి బండల మీద నిలబడితే పిక్క వెనక్కి వాలి, మోకాలు వెనక్కి తన్నుకుపోతుంది.

అసలు తోలే అశుచి అయితే దేవుడి ముందు మోగే మృదంగం మాటేమిటి? జింకచర్మం మీద కూర్చుని జపం చేసినవాళ్ల మాటేమిటి? వీధి మట్టి లోపలికి రాకూడదంటే తడిగుడ్డ చాలు. అహం రాకూడదంటే, అది బూటులో ఉండదు. చింతామణి తాలూకా కైవారం తాతయ్య గాజులమ్ముతూ ఊరూరా నడిచిన యోగి, కవి. ఆయన పదాలు పాడుకునే సీమలో ఇంత చెప్పాల్సి రావడమే బాధ.

ఎత్తుకుని తీసుకెళ్తామంటారు, ప్రేమతోనే. ప్రదక్షిణ మాత్రం నా కాళ్లతో నేను చేయాలి. ఆ కాళ్లలో ఈ క్యాలిపర్ ఒకటి.

ఆలయ కమిటీల పెద్దలకు మనవి: గడప పక్కన బకెట్టు నీళ్లు, ఒక గుడ్డ, కూర్చుని తుడుచుకోవడానికి ఒక బల్ల వేయించండి. క్యాలిపర్‌తో వచ్చినవాళ్లను అలాగే లోపలికి రానివ్వండి.