స్వేచ్ఛకు ముందు విచారణ

స్వేచ్ఛ మానవునకు భగవంతుడు ప్రసాదించిన వరము. అయితే ఇచ్ఛ కలిగినదెల్ల చేయుటయే స్వేచ్ఛ యగునా? పొగాకు అమ్మకములపై వయఃపరిమితిని పెంచు చట్టముల సందర్భమున ఈ ప్రశ్న మరల తలెత్తినది.

మన దేశమున 2003 నాటి చట్టము 18 సంవత్సరములు నిండనివారికి పొగాకు పదార్థములు అమ్మరాదని శాసించినది. అమెరికా దేశము 2019లో ఈ పరిమితిని 21కి పెంచినది. పొరుగున ఉన్న కర్ణాటక రాష్ట్రము కూడ 2025లో అట్లే చేసినది.

దీనిపై ఒక ఆక్షేపణ కలదు. 18 ఏండ్ల యువకుడు ఓటు వేయవచ్చును, సైన్యమున చేరి ప్రాణములొడ్డవచ్చును; అట్టివాడు ఒక సిగరెట్టు కొనరాదా? అతని దేహముపై అతనికి అధికారము లేదా? ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన మాట కాదు. 1988 నాటి 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయస్సును 21 నుండి 18కి తగ్గించినది యువకుల వివేకమును నమ్మియే కదా!

కాని ఇచ్చట ఒక భేదము గలదు. ఓటు తప్పుగా వేసినవాడు మరుసటి ఎన్నికలో దిద్దుకొనగలడు. పొగాకులోని నికోటిన్ దిద్దుకొనదలచిన సంకల్పమునే బంధించును. పొగ త్రాగువారిలో పెక్కుమంది లేబ్రాయముననే మొదలిడినవారు; మానదలచియు మానలేనివారు ఎందరో. తొలి సిగరెట్టును వారు స్వేచ్ఛగా ముట్టించిరేమో. తరువాతి వేల సిగరెట్లను ఎవరి ఆజ్ఞచే ముట్టించిరి?

గీతాచార్యుడు అర్జునునకు సమస్తము బోధించి, తుదకు దీనినంతయు చక్కగా విచారించి నీకు తోచినట్లు చేయుమని వదలిపెట్టెను. పరమాత్మయే జీవుని స్వేచ్ఛను హరింపలేదు. కాని ముందు విచారణ, పిదప ఇచ్ఛ. ఇదియే ఆయన చూపిన క్రమము. చట్టము పెంచిన మూడేండ్లు ఆ విచారణకు లభించిన గడువు. అది స్వేచ్ఛను హరించుట కాదు, స్వేచ్ఛను మ్రింగు వ్యసనమును వాకిట నిలుపుట.

అయినను చట్టము అంగడి వరకే పోగలదు. తండ్రియే కుమారుని చేతికి పైకమిచ్చి చుట్టలో, బీడీలో తెమ్మని పంపు గృహమున ఏ వయఃపరిమితి ఏమి చేయగలదు?

జీవుడు శ్రీమన్నారాయణునకు శేషభూతుడనియు, ఈ దేహము ఆయన సొత్తనియు శ్రీవైష్ణవుల విశ్వాసము. దీనిని ప్రభుత్వము ఎవరిపైనను రుద్దజాలదు. భక్తుడు తనంత తాను స్వీకరింపవలెను. తిరుమలపై ధూమపానము నిషిద్ధము. ఆ వస్తువులను అలిపిరి వద్దనే విడిచి కొండనెక్కు యాత్రికుడు తన స్వేచ్ఛ పోయెనని వగవడు. స్వామి సన్నిధికి తగినవాడనైతినని సంతసించును. తలనీలములతోపాటు ఆ అలవాటును కూడ స్వామికి సమర్పించి ఇల్లు చేరిన తండ్రి, తన బిడ్డలకు ఏ చట్టమును ఇవ్వజాలని రక్షణను ఇచ్చినవాడగును. అట్టి సంకల్పమునకు శ్రీనివాసుని కరుణయే బలము.