మన అమ్మాయి ఆఫీసరైతే?



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం పూజ ముగిశాక గుడి బయట చెట్టు కింద కాసేపు నిలబడితే చాలు, మన విచారణ కుటుంబాల మనసులో ఏముందో తెలిసిపోతుంది. ఈఏపీసెట్‌లో ర్యాంకు ఎంత, నర్సింగులో సీటు వస్తుందా, హాస్టలు ఫీజు ఎవరు కడతారు, అన్నీ ఇవే మాటలు. వాటి మధ్య ఒక తల్లి గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న ఈ వారమంతా నన్ను వదలలేదు. "మా అమ్మాయి ఇంజనీరింగు వద్దంటోందండి. బి.ఏ.లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తీసుకుంటుందట. తరువాత ఆసుపత్రుల పరిపాలనో, పోలీసు, కోర్టుల సంగతులో పైచదువు చదువుతుందట. అదేం చదువండీ? ఎవరికి ఉపయోగం?"

పక్కనే ఉన్న ఆమె మరిది వెంటనే అందుకున్నాడు. "చదవనీ వదినా! రేపు ఆఫీసరైతే మనవాళ్ళ పనులన్నీ ఇట్టే జరిగిపోతాయి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ నవ్వు నాకే నచ్చలేదు.

తల్లిది అమాయకమైన ప్రశ్న, దానికి జవాబు ఉంది. మరిది మాటే కష్టమైనది. ఎందుకంటే అందులో మనమందరం ఉన్నాము.

ముందుగా తల్లి ప్రశ్న చూద్దాం. ప్రభుత్వం చేసే పనిని ఎలా చేయాలో ఒక శాస్త్రంగా చదవాలని 1887లో ఉడ్రో విల్సన్ అనే అమెరికా ఆచార్యుడు వ్యాసం రాశాడు. తరువాత ఆయన ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. నేడు మన విశ్వవిద్యాలయాలలో ఆ చదువు ఉంది. దూరవిద్య ద్వారా ఇంటి దగ్గరే ఉండి చదివేవారికీ అందుతోంది. చట్టం చేయడం ఒక ఎత్తు, ఆ చట్టం రేపల్లె దగ్గరి లంక గ్రామంలో ఉన్న ముసలమ్మ చేతికి పింఛనుగా చేరడం ఇంకొక ఎత్తు. ఆ రెండింటి మధ్య దారి ఎక్కడ తెగిపోతుందో చెప్పే చదువు ఇది.

అది ఎవరికి ఉపయోగమో మన తీరానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1977 నవంబరు 19వ తేదీ మన పెద్దలు మరచిపోలేదు. దివిసీమను ముంచిన ఆ ఉప్పెన రేపల్లె, బాపట్ల వైపు ఊళ్ళనూ వదలలేదు. పదివేలమందిదాకా చనిపోయారని లెక్క. పల్లెలు వదలి బాపట్ల పట్టణానికి వచ్చి ఒక చర్చిలో తలదాచుకున్నవారిలో దాదాపు నూరుమంది ఆ కట్టడం కూలి ప్రాణాలు వదిలారని ఆనాటి కథనాలు చెబుతాయి. ఈ సంగతి గురించి మనం ఎక్కువగా మాట్లాడుకోము. తలుపు తెరిచినవారి ప్రేమకు ఏ లోటూ లేదు. లోపలికి వచ్చినవారి విశ్వాసానికీ లోటు లేదు. ఆ గాలికి ఏ గోడ నిలుస్తుంది, ఏ గోడ నిలవదు, ఎంతమందిని ఎన్ని గంటల ముందు ఎక్కడికి చేర్చాలి అని ముందుగా లెక్క వేసినవారు లేరు.

పదమూడేళ్ళ తరువాత 1990 మే నెలలో అటువంటి మహా తుపానే మళ్ళీ మన కోస్తాను కొట్టింది. ఈసారి చనిపోయినవారి సంఖ్య వెయ్యిలోపే. అదీ తక్కువ దుఃఖం కాదు. కాని పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న ఆ మనుషులు ఎలా బతికారు? ముందస్తు హెచ్చరిక, లక్షలాదిమంది తరలింపు, ఆ మధ్యకాలంలో కట్టిన తుపాను రక్షణ కేంద్రాలు, లారీలు ఎవరు పంపాలో రాసి ఉన్న కాగితాలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను సరిగ్గా మన బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు మీ ఫోనులకు వచ్చిన హెచ్చరికలు కూడా ఆ కాగితాల సంతానమే. ఆ కాగితాలు రాసిన గుమాస్తా ఎవరో బతికినవారికి తెలియదు. బతికినవారి పేర్లు అతనికీ తెలియవు. తెలియనివారిని ప్రేమించడం అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

శ్రీసభకు ఇది కొత్త పాఠం కాదు. అపోస్తలుల కార్యముల గ్రంథం ఆరవ అధ్యాయం ఈ దృష్టితో ఒకసారి చదవండి. యెరూషలేములోని తొలి క్రైస్తవ సంఘంలో రోజూ భోజనం పంచేవారు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదని సణుగుడు బయలుదేరింది. అపోస్తలులు ఫిర్యాదు చేసినవారిని గద్దించలేదు. ఆ ఒక్క పూటకు నాలుగు రొట్టెలు ఎక్కువ ఇచ్చి నోరు మూయించనూ లేదు. అందరినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని ఎన్నుకోమని, ఆ పని వారి చేతిలో పెట్టారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి, అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అందడం లేదో వారి వైపునుంచే పంచేవారు వచ్చారన్నమాట. తొలి వేదసాక్షి పునీత స్తెఫాను ఆ ఏడుగురిలో మొదటివాడు. ఆయన రాళ్ళ దెబ్బలు మనకు గుర్తున్నాయి, ఆయన మొదటి ఉద్యోగం భోజనం సక్రమంగా పంచడమని గుర్తులేదు.

ఇక మరిది మాట.

సిఫారసు అనేది మన గాలిలో ఉంది. రేషను కార్డుకు సిఫారసు, హాస్టలు సీటుకు సిఫారసు, ఆసుపత్రిలో మంచానికి సిఫారసు. మన గురువులకు వచ్చేవారిలో పాపసంకీర్తనానికి వచ్చేవారికంటే సిఫారసు ఉత్తరానికి వచ్చేవారే ఎక్కువ అని ఒక పెద్ద గురువు నాతో నవ్వుతూ అన్నారు. నేను వాటిని అన్నిటినీ ఒకే గాటన కట్టను. చదువురాని ఒక పెద్దాయనను గ్రామ సచివాలయంలో మూడుసార్లు తిప్పి పంపితే, "ఈయనకు అర్హత ఉంది, కాగితాలు ఇవిగో, దయచేసి చూడండి" అని ఉపదేశిగారు వెంట వెళ్ళడం సిఫారసు కాదు, న్యాయం. ఆయన హక్కు ఆయనకు వచ్చింది, ఎవరిదీ పోలేదు. అదే ఉత్తరం వరుసలో నలభయ్యవ మనిషిని మొదటి స్థానంలో నిలబెడితే, మిగతా ముప్పై తొమ్మిదిమంది ఒక్కో అడుగు వెనక్కు పోయారు. వారి ముఖాలు మనకు కనబడవు గనుక మనం చేసిన పని మనకు కరుణలా కనిపిస్తుంది.

సువిశేషంలో ఒక సిఫారసు ఉంది. జెబదాయి కుమారుల తల్లి ప్రభువు దగ్గరకు వచ్చి, నీ రాజ్యంలో నా ఇద్దరు కుమారులను నీకు కుడి ఎడమల కూర్చోబెట్టమని మోకరించి అడిగింది. తల్లి మనసు, ఆమెను ఎవరూ తిట్టనక్కరలేదు. ప్రభువు కూడా తిట్టలేదు. కాని ఆ స్థానాలు ఇవ్వడం తన ఇష్టం మీద లేదన్నాడు. మిగతా పదిమంది శిష్యులకు కోపం వచ్చిందని మత్తయి రాశాడు. కోపం ఎందుకు వచ్చిందంటారు? వారి తల్లులు ముందుగా రాలేదనా, లేక అది అన్యాయమనా? నాకు మొదటిదేననిపిస్తుంది. మనకు వచ్చే కోపం కూడా ఎక్కువగా అటువంటిదే.

"అయితే ఆఫీసరు రాయిలా ఉండాలా? నియమం తప్పయితే ఏం చేయాలి?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్న. దీనికి జవాబు మన గుంటూరు మేత్రాసనం నేలమీదే ఉంది. 1920లో ఆస్ట్రేలియానుంచి మేరీ గ్లౌరీ అనే వైద్యురాలు గుంటూరు వచ్చి, యేసు మరియ యోసేపు సభలో చేరి, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. ఆనాటి శ్రీసభ నియమాల ప్రకారం మఠకన్యలు వైద్యవృత్తి చేయరాదు. 15వ బెనెడిక్ట్ పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. దానివల్ల వేలాది తెలుగు తల్లులూ బిడ్డలూ బతికారు. మంచిదే. కాని అది ఒక్కరికి ఇచ్చిన మినహాయింపు. కాన్పు కష్టమై, మగ వైద్యుడి దగ్గరకు పోలేక ఇంట్లోనే చనిపోతున్న స్త్రీలు దేశమంతటా ఉన్నారు. ఎందరో పదేపదే విన్నవించిన మీదట 1936లో రోము ఆ నియమాన్నే మార్చింది. మఠకన్యలు వైద్యమూ, కాన్పులూ చేయవచ్చు. నియమం తప్పయితే తెలిసినవారికోసం దానిని చాటుగా వంచడం ఒక దారి, అందరికోసం బహిరంగంగా మార్చడం ఇంకొక దారి. ఈ రెండవ దారి ఎలా నడవాలో నేర్పేదే ఆ అమ్మాయి చదవాలనుకుంటున్న చదువు.

సిస్టరుగారు అక్కడితో ఆగలేదు. మందులు కలిపేవారికి, నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇచ్చారు. ఎన్ని గంటలు కష్టపడినా రెండు చేతులు ఎంతమందిని ముట్టుకోగలవు? 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులను ఒక సంఘంగా కూర్చారు. ఆ సంఘం నేటికీ పనిచేస్తోంది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. మనం ఆమెను రోగి పక్కన కూర్చున్న చిత్రంలోనే చూస్తాము. ఆమె ఉత్తరాలు రాస్తూ, సమావేశాలు జరుపుతూ ఉన్న చిత్రం కూడా గోడకు ఉంటే బాగుండును.

ఆరోగ్యం విషయంలో నేటి ప్రశ్నలు ఇంకా చిక్కువి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ వచ్చిన పథకం వల్ల గుండె ఆపరేషను చేయించుకున్నవారు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వారి ఇళ్ళలో దీపం వెలుగుతోంది, కాదనను. కాని 1946లోనే భోర్ కమిటీ పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే పునాది కావాలని చెప్పింది. బి.పి. మాత్ర నెలనెలా ఊళ్ళోనే దొరికితే కొన్ని గుండెలకు ఆపరేషనే అక్కరలేదు గదా. ఆపరేషను చేయించుకున్నవాడు దండ వేసి కృతజ్ఞత చెబుతాడు. జబ్బే రానివాడు ఎవరికి దండ వేస్తాడు? ఉన్న డబ్బు ఎటు ఎంత పంచాలో నిర్ణయించడం లెక్కల పనిలా కనిపించినా, అది మనస్సాక్షి పని.

కోర్టుల సంగతి రాయడానికి చేయి కొంత వెనకాడుతుంది. అయినా తెనాలి పక్కనే ఉంటూ చుండూరు పేరు ఎత్తకుండా ఉండలేము. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. బాధితుల పట్టుదల వల్ల ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పదహారేళ్ళ తరువాత 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయలేకపోయిందని అందరినీ విడుదల చేసింది. ఆ తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

ఎవరు దోషులో నేను ఇక్కడ తేల్చను, అది నా పని కాదు. రుజువు లేకుండా ఎవరినీ శిక్షించరాదన్న నియమాన్ని కూడా నేను వదులుకోను. ఆ నియమం పోతే మొదట జైలుకు పోయేది సిఫారసు లేని పేదవాడే. అందుకే చూపు వెనక్కు తిప్పాలి. ఏ గంటకు, ఏ చోట, ఎవరు ఏమి చూశారు అన్నది ఆ మొదటి రోజుల్లోనే సరిగా రాసి పెట్టడం మీద ఏ కేసు అయినా నిలుస్తుంది. ఎనిమిదిమంది చనిపోయారన్నది ఎవరూ కాదనని నిజం. ఆ నిజం, శిక్ష పడినవారెవరూ లేని తీర్పు, ఈ రెండూ ఒకే ఊరి మీద పక్కపక్కన నిలిచాయి. దీన్ని చూసి కన్నీరు పెట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. దర్యాప్తు ఎలా చేయాలో, సాక్షికి రక్షణ ఎలా ఇవ్వాలో నేర్చుకుని వచ్చేవారు ఎందరు? 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ప్రతిని ఉచితంగా అడిగి తీసుకోవచ్చు. ఈ మాట మన గుళ్ళలో ఎన్నిసార్లు చెప్పుకున్నాం? (గుడిలో కూడా కులాన్ని బట్టి బల్లలు ఉన్న రోజులు మన పెద్దలకు తెలుసు. కొన్ని శ్మశానాలలో ఆ గోడలు ఇంకా పోలేదు.)

2000 అక్టోబరు 31న రెండవ జాన్ పాల్ పోపుగారు పాలకులకు పాలకపునీతునిగా తామస్ మోర్‌ను ప్రకటించారు. మోర్ ఇంగ్లండులో పెద్ద న్యాయాధిపతి. మామ ఇంత పదవిలో ఉన్నా తనకేమీ ఒరగడం లేదని ఒక అల్లుడు నిష్ఠూరమాడాడట. న్యాయం కోరి ఒకవైపు తన కన్నతండ్రీ, మరొకవైపు సాతానే నిలబడినా, న్యాయం సాతాను పక్షాన ఉంటే తీర్పు అతనికే ఇస్తానని మోర్ జవాబు. ఆ అల్లుడి ముఖం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. పునీతుని ఇంట్లో పుట్టడం కంటే ఆ ఇంటి అల్లుడుగా బతకడమే కష్టం!

ఆ తల్లి ప్రశ్నకు నేను మొన్న మళ్ళీ కలిసి జవాబు చెప్పాను. "చేర్పించండమ్మా, మంచి చదువు. కాని ఉద్యోగం వచ్చాక మీ అమ్మాయిని ఇంటివాళ్ళు ఏమి అడగకూడదో అందరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ పిల్ల పరీక్షలు నెగ్గడం కంటే అదే కష్టం" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని కాసేపు ఆలోచించింది. "మా అమ్మాయికి చెప్పనక్కరలేదండి, దానికి తెలుసు. ఆ మాట మా మరిదికి మీరే చెప్పాలి" అంది.

వచ్చే ఆదివారం చెబుదామనుకుంటున్నాను. ఆయన విచారణ సలహా సంఘంలో సభ్యుడు కూడా.