వైద్యాచార్యుని ఉద్యోగ భద్రత ఎవరి నిమిత్తము?



మన కుటుంబములలో పిల్లలను డాక్టరు చదువుకు, నర్సు ట్రైనింగుకు పంపినవారు అనేకులు ఉన్నారు. కాలేజీని ఎన్నుకొనేటప్పుడు ఫీజు ఎంత, హాస్టలు ఎలా ఉన్నది అని విచారిస్తాము. అక్కడ పాఠము చెప్పే ఆచార్యుడు తనకు తెలిసిన సత్యమును భయము లేకుండా చెప్పగలడా అని మాత్రము విచారించము. వైద్యుడు గురువు వద్ద నేర్చుకొన్నదే రేపు మన మంచము ప్రక్కన నిలిచి చేస్తాడు. కనుక ఈ ప్రశ్న మనకు సంబంధించినదే.

అమెరికా విశ్వవిద్యాలయములలో ‘టెన్యూర్’ అనే పద్ధతి ఉన్నది. దానిని స్థిర నియామకము అనవచ్చును. అక్కడి ప్రొఫెసర్ల సంఘము, కళాశాలల సంఘము కలిసి 1940లో ఒక ప్రకటన చేసినవి. దాని ప్రకారము అధ్యాపకుని ఏడు సంవత్సరములకు మించకుండా పరీక్షించి చూడవలెను. తగినవాడని తేలిన తరువాత, సరియైన కారణము చూపి విచారణ జరిపితేనే గాని, లేక సంస్థకు నిజముగా ఆర్థిక విపత్తు వస్తేనే గాని తొలగించరాదు.

హ్యూస్టన్ నగరములో టెక్సస్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రము ప్రపంచ ప్రఖ్యాతి గలది. అక్కడ టెన్యూర్ జీవితకాలమునకు కాక ఏడేండ్లకే ఇచ్చి, గడువు తీరగానే మరల పరిశీలించే పద్ధతి ఉండెను. ఇద్దరు అధ్యాపకుల విషయములో తోటి ఆచార్యుల కమిటీ పొడిగించవలెనని ఏకగ్రీవముగా సిఫారసు చేసినది. అయినను అధ్యక్షుడు నిరాకరించెను. ప్రొఫెసర్ల సంఘము విచారణ జరిపి, 2015లో ఆ సంస్థ పాలనను అభిశంసించినది. నాటి అధ్యక్షుడు 2017లో రాజీనామా ప్రకటించెను.

ఇందులో తప్పేమున్నది, తుది నిర్ణయము అధ్యక్షునిదే గదా అని కొందరు అడుగవచ్చును. నిజమే. పెద్ద ఆసుపత్రిని నడిపేవారికి జీతములు, యంత్రములు, అప్పులు, రోగుల రద్దీ అన్నియు చూచుకొనవలసిన బాధ్యత ఉన్నది. అప్పుడప్పుడు కమిటీ మాటను కాదనవలసి రావచ్చును. అయితే కాదనుటకు అధికారము ఉండుట వేరు, కారణము చెప్పకుండుటకు హక్కు ఉండుట వేరు. ఒకని పనిని దగ్గర నుండి ఎరిగిన తోటివారందరు యోగ్యుడని చెప్పినప్పుడు, కాదనే పెద్ద తన కారణమును కాగితము మీద పెట్టి, దానికి జవాబు చెప్పుకొనే అవకాశము ఇవ్వవలెను. లేనియెడల మిగిలినవారు ఆ మౌనము నుండి ఒకే పాఠము నేర్చుకొంటారు: పెద్దల మనస్సు ఎరిగి మాట్లాడవలెను. ఆ పాఠము నేర్చుకొన్న వైద్యుడు, మందు పని చేయుట లేదని చెప్పవలసిన రోజున నోరు మెదపడు.

టొరంటోలో జరిగినది చూడండి. తలసీమియా రోగులకు తరచుగా రక్తము ఎక్కించుట వలన ఒంటిలో ఇనుము పేరుకొనును. దానిని తగ్గించే డిఫెరిప్రోన్ అనే మందును పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ నాన్సీ ఒలివియేరి పరీక్షించుచుండిరి. కొందరు రోగులలో అది సరిగా పని చేయుట లేదని ఆమెకు అనుమానము కలిగి, రోగులకు తెలుపవలెనని తలచిరి. కంపెనీ ఒప్పుకొనలేదు. 1996లో పరీక్షలను ఆపివేసి, బయటికి చెప్పినయెడల చట్టరీత్యా చర్య తీసుకొందుమని హెచ్చరించినది. ఆమె చెప్పిరి. 1999 జనవరిలో ఆసుపత్రి ఆమెను విభాగపు బాధ్యత నుండి తొలగించినది. ఆ నెలలోనే రాజీ కుదిరినది. కెనడా అధ్యాపకుల సంఘము కోరగా జరిగిన స్వతంత్ర విచారణ, ఆమెకు దొరకవలసిన అండ దొరకలేదని 2001లో తేల్చినది.

ఒక సంగతి దాచరాదు. ఆ మందు విలువను గూర్చి వైద్యులలో భిన్నాభిప్రాయములు ఉండెను. ఇతర మందులు చాలని రోగుల కొరకు దానికి అమెరికాలో 2011లో అనుమతి లభించినది. అయినను న్యాయము మారదు. వైద్యుని అనుమానము చివరికి సరియైనదని తేలితేనే రక్షణ ఇస్తామంటే, ఆ రక్షణ ఎవరికిని ఉపయోగపడదు. అనుమానము కలిగిన దినముననే రోగికి చెప్పవలెను. ఆ దినమున ఫలితము ఎవరికిని తెలియదు.

‘స్థిరమైన ఉద్యోగము సోమరిని చేయదా?’ అని మనలో కొందరు అడుగుదురు. అది వట్టి మాట కాదు. సర్కారు ఆఫీసులలో కుర్చీ వెచ్చబెట్టుకొని కూర్చున్నవారిని అందరమూ చూచితిమి. దానికి మందు తోటి ఆచార్యుల చేతిలోనే ఉన్నది. పాలనలో మాకు పాలు కావలెననేవారు, పని చేయని స్నేహితుని గూర్చి పని చేయుట లేదని కమిటీలో చెప్పుటకు సిద్ధపడవలెను. మనవాడని ఊరకుంటే, అధ్యక్షుడు మాట్లాడనిచ్చుట లేదని ఫిర్యాదు చేసే నోరు వారికి ఉండదు.

కావున మా అభిప్రాయము ఇది. వైద్యాచార్యుని ఉద్యోగ భద్రత అతని సొంత ఆస్తి కాదు. రోగి నిమిత్తము, విద్యార్థి నిమిత్తము అతని చేతిలో పెట్టిన సొమ్ము అది. దానిని తీసివేసేవారు లెక్క చెప్పవలెను. దానిని అనుభవించేవారు కూడ లెక్క చెప్పవలెను.

మన దేశములో ఒక మెడికల్ కాలేజీకి ఎందరు అధ్యాపకులు ఉండవలెనో 2020 వరకు మెడికల్ కౌన్సిల్, అటు తరువాత నేషనల్ మెడికల్ కమిషన్ నిర్ణయించుచున్నవి. తలలు లెక్కించుట అధికారుల పని. ఆ తలలలోని మాట బయటికి వచ్చునా అని అడుగుట తల్లిదండ్రుల పని. మీ బిడ్డను చేర్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడుగండి: ఇక్కడి అధ్యాపకులు ఎంత కాలమునకు నియమింపబడుదురు, వారిని ఎవరు, ఏ విచారణ జరిపి తొలగించుదురు? అట్లే మీలో బడి కమిటీలలో, ఆసుపత్రి కమిటీలలో కూర్చుండువారు, ఎవరినైనను తీసివేయవలసి వచ్చినప్పుడు కారణమును మినిట్సు పుస్తకములో వ్రాయించి, ఆ వ్యక్తి జవాబును కూడ దాని క్రిందనే వ్రాయించండి.