మరచిన పాపము

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదను సామెతను వాడుకొనువారు, పుడకలు ప్రతిమనుష్యునికిని తప్పక సమకూరుననియే నమ్మి వాడుకొనుచున్నారు. చితియే ప్రాప్తింపని మనుష్యుడొకడుండి, వాడు అనేక పర్యాయములు చచ్చియు మరల లేచుచు, లేచినప్పుడెల్ల తన పేరును, తన కృత్యములను మరచిపోవుచుండినచో, వాని బుద్ధి ఏమి కావలెను, వాని పాపము ఎవరిది కావలెను అను ప్రశ్న మన సామెతకు తోచినది కాదు. ఆ ప్రశ్నను అడిగినది వేదాంతగ్రంథము కాదు, కంప్యూటరు తెరపై ఆడుకొను ఒక ఆట. అమెరికాలోని బ్లాక్ ఐల్ స్టూడియోస్ వారు నిర్మింపగా ఇంటర్‌ప్లే అను సంస్థ 1999 డిసెంబరులో విడుదల చేసిన ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ అను ఆ ఆటను ఆడినవారు, ఇరువదియైదేండ్లు గడచిన పిమ్మటను, దాని నాయకుడు దోషియా నిర్దోషియా అని వాదించుకొనుచునే యున్నారు. ఆటలనగానే పెద్దలకు కలుగు చిన్నచూపును కొంతసేపు విడిచి, ఆ వాదమును మన శాస్త్రముల సన్నిధికి తెచ్చి చూడవచ్చునని నా తలంపు.

ఈ జాతి ఆటలకు మూలము 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను కాగితపుటాట. నలుగురైదుగురు జట్టుగా కూడి, మాంత్రికుడొకడు, ఖడ్గధారి యొకడు, దొంగ యొకడు అని వేషములు పంచుకొని, పాచికల సాయముతో ఒక కల్పితలోకమున సంచరించుట దాని పద్ధతి. ఆ పద్ధతి కంప్యూటరులోనికి వచ్చినపుడు ఆడువాడు ఒక్కడే యగుటచే, జట్టులోని మిగిలినవారికి గ్రంథకర్తలే మాటలను, మనసులను కల్పింపవలసివచ్చెను. సామాన్యముగా ఇట్టి ఆటలలో నాయకుడు పల్లెటూరి పిల్లవాడై బయలుదేరి, రాక్షసులను జంపి, లోకమును రక్షించి, ఇల్లు చేరును. ‘టార్మెంట్’ నాయకుడన్ననో, సిగిల్ అను నగరములోని శవశాలయందు, రాతిబల్లపై, ఒడలెల్ల గాయపుమచ్చలతో మేల్కొనును. వానికి పేరు లేదు. రక్షింపవలసిన లోకమును లేదు. క్రిస్ అవెలోన్ ప్రధానశిల్పిగా ఈ కథను నడిపినవారు, వానికి తన్ను తాను తెలిసికొనుట యను పని తప్ప వేరొక పని నియమింపలేదు.

ఆడినవారి అభిప్రాయములలో యుద్ధమును గూర్చినవి త్వరగా తేలిపోవును. కత్తియుద్ధము మోటుగా నున్నదనియు, చదువవలసిన భాగము మితిమీరియున్నదనియు, ఆట యని కొనితెచ్చుకొన్నవారికి పురాణశ్రవణము ప్రాప్తించినదనియు ఆక్షేపించువారు మొదటినుండియు కలరు. వారి మాటలో అబద్ధమేమియు లేదు. బలమునకు అంకెలన్నియు వెచ్చించి నాయకుని మల్లునిగా తీర్చుకొన్నవారు, వివేకమునకును బుద్ధికిని వెచ్చించినవారితో పోల్చిచూచుకొని, తాము సగము కథనే చూచితిమని తరువాత చింతించుట పరిపాటి. వివేకము హెచ్చుగా నున్న నాయకునికే పూర్వస్మృతులు ఎక్కువగా మేల్కొనునట్లు కర్తలు ఏర్పరచిరి. ఇది అన్యాయమని కొందరందురు. నాకు మాత్రము ఇది శాస్త్రసమ్మతముగానే కనబడుచున్నది.

ఆ స్మృతులు మేల్కొనుటయే ఆటలోని నిజమైన ప్రమాదము. నాయకుడు తనకు పూర్వము తన దేహముననే బ్రదికిన తనవారిని ఒక్కొక్కరినే తెలిసికొనును. అందొకడు కార్యవాది, తన ప్రయోజనమునకు ఎవరినైనను పనిముట్టుగా వాడుకొన్నవాడు. మరియొకడు అనుమానపిశాచము పట్టినవాడు. తనకు ఒక మృతభాషను నేర్పిన గురువును, ఆ భాషలో తాను వ్రాసికొనునది ఇంకెవ్వరును చదువగూడదని, చదువు ముగియగానే చంపినవాడు. డియోనారా యను కన్యను కార్యవాది ప్రేమించినట్లు నటించి, మృత్యుస్థానమునకు తోడ్కొనిపోయి, ఆమె ప్రేతము తనకు అచట వేగునకు పనికివచ్చునని ఎరిగియే ఆమెను చావనిచ్చెను. ఆ ప్రేతము ఇప్పటి నాయకుని జూచి, ప్రియుడే వచ్చెనని పలుకరించును. వీనికామె పేరైనను తెలియదు.

డక్కన్ కథ అంతకంటెను కఠినము. తన మతప్రవక్త వాక్యములయందు సంశయము పుట్టి, ఆ సంశయమువలననే తన నగరము కూలినదని క్రుంగి, చావునకు సిద్ధమై యున్న వృద్ధయోధుడతడు. తలపు దృఢముగా నున్నపుడు పదునెక్కి, తలపు చెదరినపుడు మొద్దుబారు ఖడ్గమతని చేతిలో నున్నది. ఆ ఖడ్గము తనకక్కరకు వచ్చునని గ్రహించిన కార్యవాది, ఆ ప్రవక్త బోధలను వలయాకారమైన రాతిఫలకములపై చెక్కించిన గ్రంథము నొకదానిని అతని చేతబెట్టి, అతని విశ్వాసమును నిలిపెను. ప్రాణదాత చనిపోవువరకును సేవించెదనని డక్కన్ ప్రమాణము చేసెను. మనుష్యుని ఆయువెంత, ఋణము త్వరలోనే తీరునని అతని లెక్క. దాత చావులేనివాడని తరువాత తెలిసినది. ఒక జ్ఞాని తన ధర్మముచేతనే బానిసయగుట, అదియు ఒక సద్గ్రంథము నెరగా చూపి బానిసగా చేయబడుట యను ఈ కల్పనకు సాటివచ్చునది ఇట్టి ఆటలలో నేనెరిగినంతవరకు లేదు.

ఇచట ఆడువారు నాయకుడు నిర్దోషి యనువారును, దోషి యనువారును అని రెండుగా చీలిపోవుదురు. మొదటి పక్షమువారు చెప్పునదేమనగా: శవశాలలో కన్ను తెరచినవాడు నవజాతశిశువు వంటివాడు, వానికి ఆ క్రౌర్యములు తెలియవు, వాని యిష్టముతో అవి జరుగలేదు, ఒకే దేహమును ముగ్గురు అద్దెకుండిన యింటివలె వాడుకొన్నంతమాత్రమున, మొదటివాని బాకీని మూడవవానివద్ద వసూలు చేయుట యెట్టి న్యాయము? ఈ వాదమునకు ఐరోపాలో గొప్ప అండ కలదు. ఆంగ్లతత్త్వవేత్త జాన్ లాక్, తన మహాగ్రంథమునకు 1694లో వెలువడిన రెండవకూర్పులో, వ్యక్తి ఒక్కడే యనుటకు ఆధారము దేహమును కాదు, ఆత్మద్రవ్యమును కాదు, తెలివి యొక్క అవిచ్ఛిన్నతయే యని నిర్ణయించి, తాను ఎరుగనిదానికి ఏ మనుష్యుడును అంతిమతీర్పునాడు ఉత్తరవాది కాబోడని సూచించెను. స్కాట్లండువాడైన థామస్ రీడ్ 1785లో దీనిని ఖండించెను: సేనాపతికి తన యౌవనపు వీరకృత్యము జ్ఞప్తియందున్నది, ఆ యువకునికి బాల్యమున తినిన బెత్తపుదెబ్బలు జ్ఞప్తియందున్నవి, సేనాపతికి ఆ దెబ్బలు జ్ఞప్తిలేవు, అంతమాత్రమున దెబ్బలు తినిన బాలుడు సేనాపతి కాకపోవునా?

మనవారు ఈ చిక్కులో పడకపోవుటకు కారణము, జ్ఞాపకమును వారెన్నడును కర్మసిద్ధాంతమునకు పునాదిగా గ్రహింపకుండుటయే. భగవద్గీత నాలుగవ అధ్యాయములో కృష్ణుడు అర్జునునితో, మనకిరువురకును అనేకజన్మములు గడచినవి, నేను వానినన్నిటిని ఎరుగుదును, నీవెరుగవు అను నర్థము వచ్చునట్లు చెప్పినపుడు, ఎరుగమి అర్జునుని దేనినుండియు విడిపించునని చెప్పలేదు. పింగళి సూరన కళాపూర్ణోదయములో మణి సోకగానే శిశువు తన పూర్వజన్మకథ చెప్పుట అద్భుతముగా వర్ణింపబడినదే కాని, మణి సోకనంతకాలము ఆ కథకు ఫలము లేకపోయెనని కవి యనలేదు. జ్ఞాపకము నశించినను వాసన మిగులునని, సంస్కారమై రుచులలోను భయములలోను చేతివాటములోను పనిచేయుచుండునని మన దర్శనముల సామాన్యమతము. స్థిరమైన ఆత్మనే ఒప్పుకొనని బౌద్ధులు సయితము, పూర్వుడును పరుడును ఒక్కడును కాడు, వేరును కాడు అని చెప్పి, కర్మసంతతిని మాత్రము తెగనీయలేదు. ఆట ఈ విషయమున మనకు మిక్కిలి సన్నిహితముగా నున్నది: నాయకునికి మాంత్రికవిద్య ఒకరు నేర్పగానే పాతచదువు తిరిగి పట్టుబడును; మనసు మరచినదానిని చేతులు మరువవు.

కర్మవాదులు రెండు దోషములను మాత్రము సహింపరాదనిరి. చేసినది ఫలమీయకయే నశించుట కృతనాశము. చేయనిదాని ఫలము వచ్చి మీదబడుట అకృతాభ్యాగమము. లోకమునకు న్యాయమను పేరుండవలెనన్నచో ఈ రెండును ఉండరాదు. ‘టార్మెంట్’ కర్తలకు ఈ పదములు తెలిసియుండునని నేననుకొనను. కాని వారు నిర్మించినది సరిగా ఈ రెండు దోషములును ఒకేసారి ప్రత్యక్షమైన లోకము. నాయకుని ఆది జన్మములో వాడొక ఘోరపాతకము చేసెను. అదేమియో ఆట చెప్పదు, చెప్పకుండుటయే మేలు. పశ్చాత్తాపము కలిగి, ప్రాయశ్చిత్తమునకు ఒక్క ఆయుర్దాయము చాలదని లెక్కించి, రావెల్ అను మంత్రగత్తె నాశ్రయించి అమరత్వమును వేడెను. ఆమె వాని మృత్యువును వానినుండి విడదీసెను. సిద్ధించెనో లేదో చూడవలెనని చంపి చూచెను. వాడు లేచెను, అన్నియు మరచి లేచెను. ప్రాయశ్చిత్తము కొరకు తెచ్చుకొన్న కాలము ప్రాయశ్చిత్తమే జ్ఞప్తిలేని కాలమయ్యెను. ఇది కృతనాశము.

రెండవది దీనికంటె భయంకరము. ఆడువాని కపటమును సయితము బయటపెట్టునట్టిది. మిగిలిన ఆటలలో నాయకుడు చచ్చినచో, ముందు భద్రపరచుకొన్న చోటినుండి మరల ఆడుదుము. ఆ చావునకు లెక్క లేదు. ఇచ్చట నాయకుడు చచ్చినచో చాలసారులు శవశాలలో లేచి కూర్చుండును. కావున ఆడువారు చావును ఒక సౌకర్యముగా వాడుకొనుటకు త్వరలోనే అలవడుదురు. కొన్ని తలుపులు తెరచుకొనుటకు చచ్చిచూచుటయే ఉపాయము. వేడుకకు కూడ చత్తురు. చాలదూరము పోయినపిమ్మట తెలియవచ్చునది, వాడు చచ్చిన ప్రతిసారియు వానికి బదులుగా ఎక్కడనో వేరొకడు చచ్చుచున్నాడని, ఛాయలై వెంటాడివచ్చునవి ఆ మృతులేయని. అశ్వత్థామ శాపగ్రస్తుడై మూడువేలయేండ్లు వ్రణములతో తిరిగినను తన పాపమును తానే మోసెను. ఈతని చిరంజీవిత్వమునకు వెల అపరిచితులు చెల్లించిరి. మొదటి పక్షమున నిలిచినవారిలో పలువురు ఈ ఘట్టమున తడబడుట సహజము. పూర్వజన్మపు హత్యలను గూర్చి, అవి నావి కావని వాదింపవచ్చును. నిన్న సాయంకాలము తలుపు తెరచుటకై కావలెనని చచ్చినది ఎవరు? ఆ మీట నొక్కిన వ్రేలు మరపునకు లోనుకాలేదు.

నగరములో డస్ట్‌మెన్ అను మతస్థులు కలరు. మనమందరము ఇదివరకే మృతులము, ఈ బ్రదుకు మరణానంతరపు నీడ, రాగములన్నిటిని విడిచినవానికే నిజమైన మృత్యువు లభించును అని వారి సిద్ధాంతము. శవములను సంస్కరించుట వారి వృత్తి. ఇది నిర్వాణమునకు పాశ్చాత్యులు గీసిన వ్యంగ్యచిత్రమని కోపింపవచ్చును గాని, వారి యెదుట చావలేని మనుష్యుని నిలువబెట్టుటలోని చమత్కారమును మెచ్చుకొనక తప్పదు.

రావెల్ అడుగు ప్రశ్న, మనుష్యుని స్వభావమును మార్చగలది యేది యనునది, ఆడినవారందరి నోటను ఉన్నది. పశ్చాత్తాపమని కొందరు, ప్రేమయని కొందరు, మృత్యువని కొందరు, విశ్వాసమని కొందరు ఉత్తరమిత్తురు. ఏ ఉత్తరమునైనను ఆమె కాదనదు. అది వాని సొంత ఉత్తరమగుటయే చాలునని భావము. దీనిని జారవిడుపుగా తలంచి నిందించువారు కలరు. విశ్వాసమే వస్తువులను పుట్టించు లోకమది. అడాన్ అను దొంగపేరును పదేపదే చెప్పుకొన్నచో, ఆ పేరుగల మనుష్యుడొకడు నిజముగానే ఒక మధుశాలలో కనబడును. అట్టిచోట దృఢముగా నమ్మిన ఉత్తరమే నిజమగుట అసంగతము కాదు. ఐనను నాకు ఆ యుత్తరము కంటె, దానిని చెప్పిన తరువాత నాయకుడు డక్కనును ఏమి చేసెనన్నదే ముఖ్యముగా తోచును. ఫలకముల అర్థమును ఓపికతో విచారించి, శిష్యుడే గురువునకు తత్త్వము తెలియజెప్పి, అతని సంశయమును తీర్చుటకు ఆటలో వీలు కలదు. ఎరగా వాడబడిన గ్రంథమే అపుడు నిజమైన గ్రంథమగును. దీనికి కత్తి అక్కరలేదు, తొందర పనికిరాదు. తొందరపడినవారికి ఆ ద్వారము కనబడదు.

తుదకు నాయకుడు తననుండి విడిపోయిన మృత్యువును కలిసికొని, మాటచేతనో బలముచేతనో దానిని తనలో చేర్చుకొని, చచ్చును. చచ్చి స్వర్గమునకు పోడు. దుర్మార్గలోకముల నడుమ అనంతముగా సాగు రక్తయుద్ధమున ఒక భటుడుగా పోవును. ఆటయంతయు పరులకు మేలుచేసి, చెరలు విడిపించి, ఋణములు తీర్చినవారికిని ఇదియే గతి. ఇది అన్యాయమని మొరపెట్టుకొనువారికి, పుణ్యమును పాపమునుండి తీసివేసి మిగిలినదానిని చూచుట వర్తకుని పద్ధతియే కాని కర్మపద్ధతి కాదని మనవారెవరైనను చెప్పియుందురు. జ్ఞానాగ్ని సంచితమును దహించినను, ప్రారబ్ధము వింటినుండి వెడలిన బాణమువలె తన వేగము తీరువరకు పోవలసినదే యని వేదాంతులు కూడ ఒప్పుకొనిరి.

ఇంతవరకు పొత్తు కుదిరినది, ఇక్కడినుండి కుదరదు. తన జన్మములన్నిటిని ఎరిగినవానిని వేదాంతి చూచి, ఇవి దేహమునకును మనసునకును చెందినవి, నీవు కర్తవు కావు, సాక్షివి, అని బోధించును. ‘టార్మెంట్’ నాయకుడు చివరిక్షణమున చేయునది దీనికి సరిగా విపరీతము: తనకు జ్ఞప్తియున్నదానికిని లేనిదానికిని నేనే కర్తనని ఒప్పుకొని, శిక్షకు నడచిపోవుట. అద్వైతి దీనిని అజ్ఞానశేషమనును. అట్లని త్రోసివేయుటకు నాకు నోరాడకున్నది. ఏలయనగా, నేను కర్తను గాను అను వాక్యము ఆ దేహములో వసించినవారిలో ఎవరినోట ఎక్కువ సుఖముగా పలుకునని ఆలోచింపగా, డియోనారాను మృత్యుస్థానమునకు నడిపించుకొనిపోయిన కార్యవాదియే నా కన్నులకు కట్టుచున్నాడు.